బల్లమీద ఐదు కత్తెరలు

కొత్త నల్లకోటు తొడుక్కుని అద్దంలో మురిసిపోతున్న లాయరు గారు ఉన్నట్టుండి వెనక్కి తిరిగారు.

టైలరు షాపు కట్టేసే వేళ. కొత్తగా చేరిన టైలరు ఆరు కత్తెరలూ బల్లమీద వరసగా పేర్చి, గుమ్మం దగ్గర చేతులు బార్లా చాపి నిలబడ్డాడు, ఎవరో వచ్చి ఒళ్లంతా తడిమి చూస్తారన్నట్టు.

"జైలు నుంచి వచ్చాడా?" అన్నారు లాయరు.

"అవును. నెలయింది" అంది షాపు ఆవిడ, పంటితో దారం తెంపుతూ.

"నీకేమైనా మతిపోయిందా? ఇలాంటివాడి చేతికి కత్తెరలిస్తావా! వీడుంటే నేనీ గుమ్మం తొక్కను."

"అయితే ఆ కోటు విప్పి ఇచ్చెయ్యండి. కుట్టింది ఈయనే. పని నేర్చుకుంది జైల్లోనే."

లాయరు చెయ్యి బొత్తాం దాకా వెళ్లి ఆగిపోయింది. అంత చక్కగా కుదిరిన కోటు విప్పబుద్ధి కాలేదు కాబోలు, దాంతోనే వెళ్లిపోయారు.

"నావల్ల నీ బేరాలు పోతాయక్కా. మానేస్తాను." టైలరు చేతులింకా దించలేదు.

"మానేసి ఎక్కడికి పోతావ్? మళ్లీ అక్కడికేనా? ముందా చేతులు దించు. ఇక్కడ సోదాలు లేవు."

"తొమ్మిదేళ్ల అలవాటక్కా. కత్తెరలన్నీ లెక్క సరిపోతేనే తలుపు తీసేవాళ్లు."

ఆవిడ అన్నింట్లోకీ పెద్ద కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది.

"మొద్దుబారింది. పొద్దున వచ్చేటప్పుడు సాన పట్టించుకురా."

"ఇంటికి తీసుకెళ్లనా?"

"లేకపోతే అదే నీ వెనకాల నడిచొస్తుందా?"

అతను బల్ల వంక చూశాడు. ఐదే ఉన్నాయి.

తలుపు తనే తీసుకుని బయటికి నడిచాడు.