కుళ్ళని చొప్ప

అత్తగారు చేలోకి దిగి ఒక మొక్కజొన్న మొక్కని పీకింది. ఈపాటికి నడుమెత్తు రావాల్సింది, మోకాలి దగ్గరే ఆగిపోయింది. కింది ఆకులు కొసల నుంచి ఈనె వెంబడి పసుపెక్కాయి. వేళ్ళకి కుళ్ళీ కుళ్ళని చొప్ప ముక్క వేలాడుతోంది. దాని నిండా తెల్లటి బూజు. బూజులో ఏదో పురుగు మెదిలింది.

"ఛీ!" మొక్కని గట్టు మీదున్న కోడలి కాళ్ళ దగ్గరికి విసిరింది. "దీన్ని పైరంటారా ఎవరైనా?"



కొడుకు పోయాక సేద్యం కోడలే చూసుకుంటోంది. ఏటా జనుము చల్లి, పూతకి రాగానే పచ్చిగా కలియదున్నించేది. ఆ పచ్చిరొట్ట ఇచ్చే నత్రజనితో మొక్కజొన్న నల్లగా నిగనిగలాడుతూ లేచేది. ఈ ఏడు మాత్రం జనుమంతా కోసి గేదెల ముందు పడేసింది. విత్తే ముందు పాత పంట ఎండుచొప్పని నేలలో దున్నించింది.

"చొప్ప కుళ్ళేదాకా నేలలో ఉన్న నత్రజనంతా అదే మింగుతుందని వద్దు వద్దని మొత్తుకున్నాను. విన్నావా? ఇవాళ యజమాని చూడ్డానికొస్తున్నాడు. ఈ దరిద్రం చూశాక కౌలు మనకి ఉంచుతాడా? రేపు ఏం తింటాం, ఈ బూజా?"

యజమాని అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అల్లుడు బూటు కాలితో మట్టి పెళ్ళగించాడు. జిగురు, పుట్టగొడుగులు, ముక్కిన వాసన. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇదా మావయ్యా, మీరు అంతగా మెచ్చుకున్న పొలం? థూ!"

"పోయినేడు ఇలా లేదోయ్. ఏమ్మా, ఏం చేశావు నా నేలని?"

"నేలలోనే పస లేదండీ," అంది కోడలు తల వంచుకుని.

అత్తగారికి ఒళ్ళు మండింది. చేసిందంతా చేసి నేల మీదికి నెట్టడానికి దీనికి నోరెలా వచ్చింది!

అల్లుడు బూటుకంటిన బురదని గట్టుకి రాసి, వెళ్ళి కారులో కూర్చున్నాడు.

"అయ్యగారూ, మరి కౌలు..." అత్తగారు చేతులు జోడించింది.

"మీరే చేసుకోండి. ఇంకెవడిక్కావాలి ఇది?" యజమాని విసురుగా వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరిగింది. అత్తగారు నమ్మలేనట్టు అటే చూస్తూ నిలబడింది.

"ఈ చేను మన దగ్గర్నుంచి లాక్కుని తనే సాగు చేసుకుంటానని అల్లుడు పట్టుబట్టాడట, ఆ మాట దుక్కికి ముందే నా చెవిన పడిందత్తయ్యా," అంది కోడలు.