పాకం పోసిన వీధి

దొర వెంట వచ్చిన పొడుగాటి బంట్రోతు కింద వీధిని తక్కువ చేసి మాట్లాడుతున్నాడని నారాయణమ్మ అన్నదట. ఆమెకి తోడికోడలు చెప్పిందట.

పొద్దు వాలేసరికి వీధంతా అదే మాట.

స్వరాజ్యం వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, బొబ్బిలి దగ్గరి ఆ పల్లెకి తెల్ల డాక్టరంటే దొరే. పిల్లల రేచీకటికి తియ్యటి మందు పోయిస్తున్నాడు. పై వీధికి ఒక వరస, కింద వీధికి ఒక వరస. దొర కుర్చీలో కూర్చునేవాడు. పొడుగాటాయన సీసాల పెట్టె మోసుకొచ్చి పక్కన నిలబడేవాడు.

నిలబడ్డవాడు బంట్రోతు కాక మరేమవుతాడు?

కింద వీధి తాయారు కూతురు చిన్నతల్లి, దీపాల వేళకి గోడ తడుముకుంటూ నడిచేది.

పొడుగాటాయన ఒకనాడు తాయారుని పక్కకి పిలిచాడు.

"పాపని పై వీధి వరసలో నిలబెట్టమ్మా."

"ఏటి, మా వీధి మందుకేటైనాది?"

ఆయన దొర వైపు చూసి గొంతు తగ్గించాడు. "అడక్కు. నా మాట విను."

అమ్మవారి పండగలో ఘటం మొదట ఏ వీధిలో ఆగాలన్న తగువుతో రెండు వీధులకీ మాటల్లేవు. పై వీధి వరసలో నిలబడితే కింద వీధి ఓడినట్టే.

తాయారు మామ గంగరాజు నలుగురిని వెంటేసుకుని వెళ్ళి, మీ మనిషి మా ఊళ్ళో చిచ్చు పెడుతున్నాడని దొరకి మొరపెట్టుకున్నాడు. దొరతో తిరిగే మన ఆఫీసరు భీమశంకరరావు ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు.

మర్నాడు జీపులో పొడుగాటాయన లేడు. కింద వీధి దొరకి బంతిపూల దండ వేసింది.

ఎండల్లో తట్టు వచ్చింది. చిన్నతల్లి రెండు కళ్ళకీ పువ్వులు వేసి చూపు పోయింది. ఆ వీధిలోనే మరో ఇద్దరికీ అంతే. పై వీధి పిల్లల కళ్ళు నిలిచాయి. అమ్మవారు వాళ్ళ పక్షమైందని కింద వీధి కుమిలింది.

మరుసటేడు భీమశంకరరావు ఒక్కడే వచ్చాడు. ఈసారి రెండు వీధులకీ అసలు మందేనన్నాడు.

"మరప్పుడు మాకు పోసిందేటి?" అన్నాడు గంగరాజు.

"పంచదార పాకం. ఒక వీధికి మందు, ఒక వీధికి పాకం పోస్తేగాని మందు గుణం తేలదు. దొరగారి పద్ధతి అది."

భీమశంకరరావు తాయారు పక్కనున్న చిన్నతల్లి వైపు చూశాడు.

"ఆ పొడుగాటాయన బంట్రోతు కాదయ్యా, పెద్ద డాక్టరు. అందరికీ మందే పొయ్యాలని దొరతో దెబ్బలాడాడు. మీ ఫిర్యాదుతో ఉద్యోగం పోయింది. ఆయన మాట వినుంటే ఈ పాప కళ్ళు దక్కేవి."

తాయారు కూతురి చెయ్యి వదల్లేదు.

"ఆ బాబు సెప్పినాడు, మేం ఇన్నేదు. తవరికీ తెలుసు గదా. తవరెందుకు సెప్పనేదు?"