తాళంచెవి ఒకరికి, తాళంకప్ప ఒకరికి

“తాళంచెవి ఇప్పుడే ఇచ్చెయ్యండి నాన్నా. ఇంకెన్నాళ్ళు నాన్చుతారు?”

పెద్దవాడు మంచానికి కుడివైపు నిలబడ్డాడు. చిన్నవాడు ఎడమవైపు. మధ్యలో, దిళ్ళకు ఆనుకుని, ఆ నగరానికి ప్రభువు.

ప్రభువు అన్నది ఇప్పుడు పేరుకే. ఒకప్పుడు ఆయన దగ్గితే కొలువంతా లేచి నిలబడేది. ఇప్పుడు దగ్గితే, మంచినీళ్ళు ఎవరైనా తెస్తారేమోనని తలుపువైపు చూడాలి. కొలువుకూటంలో కుర్చీలకు ముసుగులు కప్పేశారు. మంత్రులు ఒక్కొక్కరే ఏదో పని ఉందని చెప్పి జారుకున్నారు. కిటికీలోంచి కనిపించే బజారులో దుకాణాలు చాలావరకు తలుపులు తెరవడం మానేశాయి. ఆయనకు మిగిలింది ఈ గది, ఈ మంచం, మొలకు కట్టుకున్న ఇనప తాళంచెవి.

ఆ ఊళ్ళో కిరీటాలూ పట్టాభిషేకాలూ లేవు. నగరద్వారం తాళంచెవి ఎవరి మొలన ఉంటే వాళ్ళే ప్రభువు. పాత ప్రభువు దాన్ని స్వయంగా విప్పి, కన్నబిడ్డల్లో ఒకరి చేతిలో పెట్టాలి. పెట్టేదాకా వారసుడంటూ ఎవడూ లేనట్టే.

“ఇస్తే నాకే ఇవ్వాలి. పెద్దకొడుకుని,” అన్నాడు పెద్దవాడు.

“పెద్దకొడుకువైతే? పెత్తనం చెయ్యడం తప్ప పని చేసిన రోజుందా?” చిన్నవాడు అందుకున్నాడు. “ఒంటినిండా ఆ పొగవాసనేమిటో అడగండి నాన్నా. కొలిమి దగ్గర కూర్చుని కత్తులు చేయిస్తున్నాడు.”

“ముందు వాడి గోళ్ళలో మట్టి చూడండి! కోటగోడ కింద సొరంగం తవ్వుతున్నాడు దొంగవెధవ!”

ప్రభువు చూశాడు. మట్టి ఉన్నమాట నిజమే. చిన్నవాడు గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ముసలాయన మీసాల చాటున నవ్వుకున్నాడు.

పెద్దవాడి ఒంటిమీద అంగీ వేలాడుతోంది. భుజాలు ఎక్కడో, కుట్లు ఎక్కడో. చిన్నవాడి అంగీకి రొమ్ము దగ్గర జానెడు అతుకుంది. దర్జీ ఎంత సన్నగా కుట్టినా దాగలేదు. ప్రభువు చూపు ఆ అతుకు మీద పడి, వెంటనే పక్కకు తప్పుకుంది.

నిజానికి ఎవరికివ్వాలో ఆయనకు ఎప్పుడో తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. మంత్రులు అడిగినప్పుడల్లా సరిహద్దులనో, సుంకాలనో ఏవో వంకలు చెప్పేవాడు. అసలు కారణం చెప్పడానికి సిగ్గు. ఒకరికిచ్చేస్తే రెండోవాడు ఈ గడప తొక్కడు. తాళంచెవి పుచ్చుకున్నవాడికి మాత్రం ఈ ముసలాడితో ఏం పని? ఇవ్వనంతకాలం ఇద్దరూ వస్తారు. పోట్లాడుకోవడానికైనా వస్తారు.

భార్య పోయాక ఆ గదిలో మనుషుల గొంతులు వినిపించింది ఆ పోట్లాటల్లోనే. అందుకని రేపు చెప్తానన్నాడు. ఆ రేపు వచ్చినప్పుడు మళ్ళీ రేపన్నాడు. ఏ శత్రువు ముందూ ఆయన అంత పిరికివాడు కాలేదు.

“ఇవాళ కూడా రేపేనా?” పెద్దవాడి గొంతు లేచింది. చెయ్యి మొలలోని కత్తి పిడి మీదికి వెళ్ళింది. అది చూసి చిన్నవాడూ పిడి పట్టుకున్నాడు.

రోజూ తగువు ఈ ఘట్టానికి వచ్చేసరికి ప్రభువు గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంటాడు. ఇక పొండని చెయ్యి ఊపుతాడు. ఇవాళ తిరగలేదు.

“ఆగండ్రా!”

ఆ గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

మొలలో ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోయిన చిన్నవాణ్ణి కళ్ళతోనే వారించాడు. తాళంచెవి తీసి కుడివైపు చాచాడు.

“పెద్దోడా, ఇది నీకు.”

తర్వాత దిండు కింద తడిమి, నగరద్వారం నుంచి ఎప్పుడో తెప్పించి దాచుకున్న బరువైన తాళంకప్ప లాగాడు. ఎడమవైపు చాచాడు.

“చిన్నోడా, ఇది నీకు. నీ కప్ప లేకపోతే వాడి చెవి దేనికీ కొరగాదు. వాడు రాకపోతే నీ కప్ప తెరుచుకోదు. తలుపు వెయ్యాలన్నా తియ్యాలన్నా ఇద్దరూ కలిసి గుమ్మం దాకా నడవాలి. ఈ మాట... ఈ మాట నేను ఎప్పుడో చెప్పాల్సింది.”

చిన్నవాడు తెల్లమొహం వేసి పెద్దవాడి వైపు చూశాడు. పెద్దవాడూ అతని వైపే చూశాడు. వ్యవహారం ఇంతదాకా ఎప్పుడూ రాలేదు మరి.

చివరికి చిన్నవాడే తాళంకప్ప అందుకున్నాడు. “సరే నాన్నా. అన్నయ్యతో కలిసే ఉంటాను,” అన్నాడు మెల్లగా. పెద్దవాడు కత్తి పిడి వదిలి, తాళంచెవి పుచ్చుకుని, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

ప్రభువు బావురుమన్నాడు. ఇద్దరి చేతులూ పట్టుకుని, కిటికీలోంచి పడ్డ ఎండ ఎదురుగోడ మీదికి ఎక్కేదాకా వదల్లేదు.

“ఇంతే కదరా,” అన్నాడు వెక్కుతూ. “ఇంత చిన్న మాట కదరా.”

తర్వాత కళ్ళు తుడుచుకుని, దిళ్ళలోకి వాలి, “ఇక చాలు,” అన్నాడు.

వంటవాడు తన ఒంటిమీది పెద్దబాబుగారి అంగీనీ, తోటమాలి తను తొడుక్కున్న చిన్నబాబుగారి అంగీనీ విప్పి, ఆ అన్నదమ్ములిద్దరూ ఒకరి కత్తికి ఒకరు బలైపోయిన నాటినుంచీ వాటిని దాచి ఉంచిన పెట్టెలోనే మళ్ళీ మడతపెట్టి, “రేపు కూడా రమ్మంటారా ప్రభూ?” అని అడిగారు.