అమ్మకు ఇంటర్వ్యూ

కోర్టులో టైపిస్టుగా పనిచేసే అమ్మకు రేపు లా కాలేజీలో ఇంటర్వ్యూ. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. కూతురు ఆమెను లేవదీసి అద్దం ముందు నిలబెట్టింది.

"పూల చీర వద్దమ్మా. ఈ బూడిద రంగుది కట్టుకో. పైన నల్ల కోటు."

"ఈ వయసులో కోటేమిటే, నవ్విపోతారు. బట్టలు చూసి సీటిస్తారా?"

"ఇవ్వరు. కానీ నువ్వు నోరు తెరిచేలోపు వాళ్లు చూసేది వాటినే. ఆ గాజులు కూడా తగ్గించు. చేతులు తిప్పకుండా మాట్లాడలేవు, నీ మాటకంటే ముందు అవే వినిపిస్తాయి."

వాదించే ఓపిక లేక అమ్మ రెండు గాజులు తీసి, కోటు తొడుక్కుంది. కోటు భుజాల దగ్గర పట్టేసింది. కూతురు కుట్లు విప్పి, వదులు చేసి కుట్టి, మళ్లీ తొడిగింది.

"ఇప్పుడు చూడు, అచ్చం లాయరమ్మవే!"

అమ్మ అద్దంలో తనను చూసుకోలేదు. వెనక నిలబడ్డ కూతురినే చూసింది.

"పరీక్ష ఇద్దరం రాశాం. పిలుపు నాకొక్కదానికే వచ్చింది. ఇది నువ్వు నీకోసం కుట్టించుకున్న కోటు కదే."

కూతురు కాలరు సరిచేసింది.

"తల దించకమ్మా," అంది. "మెడ దగ్గర ముడత పడుతోంది."