బెంజీన్ వద్దన్న మనిషి

"సార్, ఆ ముసలాయన మళ్ల వచ్చిండు," అన్నాడు వాచ్‌మన్ గుర్వయ్య.

ఎల్లస్వామి విసుక్కున్నాడు. నెలలో ఇది మూడోసారి.

నల్గొండ జిల్లాలో, హైదరాబాద్ రోడ్డు పక్కనున్న ఫ్యాక్టరీలో అతను అయిదేళ్లుగా ఇంజనీరు. మందుల కంపెనీలు వాడేసిన ఆల్కహాలును శుద్ధి చేయడం అక్కడి పని. ఎంత మరిగించినా చివరి కాస్త నీరు ఆల్కహాలును వదలదు. దాన్ని విడదీయడానికి, మరిగించే ఎత్తైన టవరులో బెంజీన్ కలుపుతారు.

ముసలాయన పేరు తాజుద్దీన్. ఊరు మోత్కూర్. గుడ్డసంచిలోంచి చిన్న సీసా తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది ఉప్పు, సార్."

"ఉప్పా? నూనె లెక్క ఉంది గదా!"

"మామూలు ఎండకే గిట్ల కరిగి ఉంటది. ఎంత కాచినా ఆవిరి గాదు. నీళ్లను పట్టుకుంటది, ఆల్కహాల్ ఒక్కటే పైకి పోతది. తర్వాత నీళ్లు ఎగరగొట్టి ఇదే ఉప్పును మళ్ల వాడుకోవచ్చు. బెంజీన్ అక్కెరనే లేదు."

"ఏ కంపెనీ మీది?"

"కంపెనీ లేదు. తెలిసిన ప్రొఫెసర్ సాబ్ ల్యాబుల చేయించిన. ఒక్కపారి పరీక్ష చెయ్యిండ్రి. జర మీ పుణ్యముంటది."

మొదట ఊరికే ఇచ్చి, తర్వాత సరుకు అంటగట్టేవాళ్లను ఎల్లస్వామి చాలామందిని చూశాడు.

"పెట్టిపోండి. చూస్త."

తాజుద్దీన్ లేవలేదు.

"టవరు కాడ ఇప్పుడు ఎవరు చేస్తుండ్రు సార్?"

"భిక్షపతి అని. ఆరేండ్ల సంది చేస్తుండు."

"పానం మంచిగుంటదా ఆయనకు? ముక్కుల నుంచి రక్తం గిట్ల వస్తదా?"

"గవన్నీ మీకెందుకు?"

ముసలాయన తలవంచుకుని వెళ్లిపోయాడు. సీసా అలమారలోకి చేరింది. ఆ తర్వాత ఆయన మళ్లీ రాలేదు.

నాలుగు నెలలకు, ఒక పొద్దున, భిక్షపతి టవరు మెట్ల మీద కూలబడ్డాడు. ముక్కులోంచి రక్తం. గుడ్డ అదిమిపెట్టినా ఆగలేదు.

హైదరాబాద్ దవాఖానలో డాక్టరు రక్త పరీక్ష కాగితం చూసి, "రోజూ ఏం పీలుస్తడు ఈయన?" అని అడిగాడు.

ఎల్లస్వామి చెప్పాడు.

"బెంజీనే రక్తాన్ని గిట్ల పాడుచేసింది," అన్నాడు డాక్టరు.

బయట బెంచీ మీద భిక్షపతి భార్య మైసమ్మ కూర్చుంది.

"సారూ, గా పనిల గిట్లయితదని మీకు ముందుగాల తెల్వదా?"

ముక్కుల రక్తం గురించి ముసలాయన అడిగిన మాట ఎల్లస్వామికి గుర్తొచ్చింది.

ఫ్యాక్టరీకి తిరిగొచ్చి అలమార తెరిచాడు. సీసా మీద దుమ్ము తుడిచాడు. గాజు గొట్టాల చిన్న పరికరంలో ఆల్కహాలు పోసి, ఆ ఉప్పు కలిపి వేడిచేశాడు. బెంజీన్ ఒక్క చుక్క కూడా వేయలేదు.

ఆవిరై చుక్కలుగా దిగిన ఆల్కహాలును పరీక్షిస్తే, నీరు లేనట్టే ఉంది.

నమ్మలేక మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

మరునాడు స్కూటర్ మీద మోత్కూర్ వెళ్లాడు. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాడు. తాజుద్దీన్ భార్య బషీరున్నీసా తలుపు తీసింది.

"ఆయన పోయి రెండు నెలలైంది బిడ్డా. రక్తం కాన్సర్."

ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఆయన చెప్పింది నిజమే అమ్మా. నేనే వినలే. ఇగ బెంజీన్ బంద్ చేయిస్త. ఎవరితోనన్న కొట్లాడుత."

ఆమె తలూపింది.

"ఒక్కటే సమజైతలేదు. మా ఫ్యాక్టరీల ఆయనకు తెలిసినోళ్లు ఒక్కరు లేరు. మా మీద గంత ఫికర్ ఎందుకమ్మా ఆయనకు?"

బషీరున్నీసా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పదమూడేండ్ల కింద మీ ఫ్యాక్టరీల ఆ టవరు నిలబెట్టి, అండ్ల బెంజీన్ పొయ్యమని అందరికి నేర్పింది ఆయనే బిడ్డా."