మూత అడిగిన మనిషి

"మాత్ర కావాలా? తలనొప్పా, కడుపునొప్పా?"

జనరేటర్ల హోరుకు పోటీగా అరిచాడు రెండో ఇంజనీరు.

ఓడలో పంపులు, ట్యాంకులు చూసుకోడానికి ఆ పూటే ఎక్కిన పంపుమాన్ కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్లీ ఏదో అన్నాడు.

"రెండూనా? పాపం! పైకెళ్లి మందులపెట్టె అడుగు, పో."

అతను వెళ్లాడు. రెండు మాత్రలు అరచేతిలో పట్టుకుని తిరిగొచ్చాడు. ఈసారి ఇంజనీరు చెవి మీది డొప్ప పైకెత్తి మరీ చెప్పాడు.

"మాత్ర కాదు సార్, మూత. ముందువైపు నీళ్ల ట్యాంకు నిన్నట్నుంచి నోరు తెరుచుకునుంది. మూతన్నా వెయ్యాలి, కాపలాకి మనిషినన్నా పెట్టాలి."

ఇంజను గదంతా గొల్లుమంది. అందరికన్నా పెద్ద నవ్వు ఇంజనీరుదే. ఆయనకి మాటలంటే పిచ్చి. ఉద్యోగం ఓడలోనే గానీ మాటల్లో మాత్రం ఓడనని తనే చెప్పుకు తిరిగేవాడు.

"అసలు మూత మరమ్మతుకి వెళ్లిందయ్యా. అది వచ్చేదాకా నువ్వే మూతవి. పోయి కూర్చో!"

ఆ పూటనుంచి అతని పేరు మాత్ర అయింది.

"అందరూ భోజనానికొచ్చారు, మాత్ర మాత్రం రాలేదేం?" అనేవాడు ఇంజనీరు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పొలమారేలా నవ్వేవాళ్లు. అతను నవ్వేవాడు కాదు, అలిగేవాడూ కాదు. ఎక్కడో ఒక చెక్క పలక సంపాదించి, ట్యాంకు నోటికి అడ్డంగా వేసి, తాడుతో బిగించి కట్టాడు.

ఆ తాడు విప్పింది ఇంజనీరు బావమరిది.

అతను ఫిట్టరు. బావ సిఫార్సుతో ఓడెక్కాడు. బావ ఉండగా తనకేం భయమనే రకం. మూత బిగించే చోటును శుభ్రం చేస్తుంటే చేతిలోని టార్చి జారి ట్యాంకులో పడింది. "ఒక్క నిమిషం" అంటూ నిచ్చెన దిగాడు.

నెలల తరబడి మూసి ఉంచిన ట్యాంకులో ఇనుము తుప్పు పడుతూ పడుతూ గాలిలోని ప్రాణవాయువునంతా మింగేస్తుంది. పైన నోరు తెరిచినంత మాత్రాన అడుగుదాకా మంచిగాలి చేరదు. అడుగున మిగిలిన చెడుగాలికి వాసన లేదు, రంగు లేదు. చెప్పి చంపే అలవాటు అసలే లేదు.

"పడిపోయాడు! ట్యాంకులో పడిపోయాడు!"

కేక విని ఇంజనీరు పరుగెత్తుకొచ్చేసరికి ట్యాంకు నోటి మీద మాత్ర కూర్చుని ఉన్నాడు. గాలి కొట్టే గొట్టాన్ని ఒక పక్కనుంచి లోపలికి వదిలి, మిగతా సందంతా తన ఒంటితో మూసేశాడు.

"లేరా!"

"లేవను సార్. గాలి సిలిండర్లకి మనుషులెళ్లారు. వచ్చేస్తారు."

"లోపలున్నది మా బావమరిదిరా! మా ఆవిడకి ఏం చెప్పమంటావ్?"

"మీరు కూడా దిగితే ఆవిడకి చెప్పేవాడే ఉండడు."

ఇంజనీరుకు నియమం తెలియక కాదు. వీపున సిలిండరు, ముఖానికి మాస్కు లేకుండా ఎవరూ దిగకూడదని పోయిన వారం అభ్యాసంలో గొంతు చించుకున్నది ఆయనే. కాకపోతే ఆ రోజు లోపల పడుకోబెట్టింది గుడ్డలు కుక్కిన బొమ్మని.

చొక్కా పట్టి లాగాడు. చాచి కొట్టాడు. పెదవి చిట్లింది. వెనకనుంచి ఇంకెవరో కాలితో తోశారు. అతను ట్యాంకు అంచును రెండు చేతులా పట్టుకుని, తల వంచి, అన్నీ తిన్నాడు. లేవలేదు.

సిలిండర్లు తగిలించుకున్న ఇద్దరు రాగానే, ఎవరూ చెప్పకుండానే లేచి దారిచ్చాడు.

ఫిట్టరు బతికాడు. తాడు కట్టి పైకి లాగారు. ఓడ రేవు బయట లంగరేసి ఉంది కాబట్టి లాంచిలో ఒడ్డుకు, అక్కణ్నుంచి ఆసుపత్రికి చేర్చారు. సాయంత్రానికి ఫోనులో మొదటి మాటగా "బావా, నా టార్చి దొరికిందా?" అని అడిగాడు.

ఇంజనీరు ఏడుస్తూ నవ్వాడు. కోపం మాత్రం చల్లారలేదు.

"కళ్లముందు మనిషి పోతుంటే పీటేసుకుని కూర్చున్నాడు సార్! ఈ ఓడలో వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అని కెప్టెన్ దగ్గర పట్టుబట్టాడు.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర మాత్రకి అటూ ఇటూ కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి.

పొద్దున్నే అతను సంచి భుజాన వేసుకుని లాంచి ఎక్కబోతూ ఇంజనీరు దగ్గర ఆగాడు.

"మూత ఇంకా బిగించలేదు సార్" అన్నాడు. అంతే.

ఆ లాంచి ఇంకా కనుచూపుమేరలో ఉండగానే వేరే లాంచిలో భద్రతాధికారి వచ్చింది. నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు. అందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టింది.

"మూత ఎక్కడ?"

"మరమ్మతయిపోయింది మేడమ్. ఇవాళే బిగించేస్తాం" అన్నాడు ఇంజనీరు.

"ఇనపమూత కాదండీ, మనిషి. మీ పంపుమాన్. ఏ ఓడెక్కినా మొదటి రోజే మూత అడుగుతాడని అందరూ అతన్ని అలాగే పిలుస్తారు."

"అయ్యో, మేం మాత్ర అని..." ఇంజనీరు నవ్వబోయాడు. తోడుగా ఎవరూ నవ్వలేదు. "అతన్ని దింపేశాం మేడమ్. మావాడు లోపల కొట్టుకుంటుంటే కదలకుండా కూర్చున్నాడు. గుండె ఉన్నవాడెవడైనా..."

"గుండె ఉన్నవాళ్లు ముగ్గురు దిగారండీ, చాలా ఏళ్ల కిందట, అతని ఓడలోనే. సిలిండర్లు లేకుండా, ఒకడి వెనక ఒకడు. ముగ్గురూ పోయారు. ఆ విచారణ చేసింది నేనే."

"అప్పుడు ఇతనేం చేస్తున్నాడు? పైన కూర్చున్నాడా?"

ఆమె గుండ్రటి కిటికీలోంచి, చుక్కంతైపోయిన లాంచి వైపు చూసింది.

"లోపల పడున్నాడండీ. వాళ్లు దిగింది అతని కోసమే, ప్రాణాలతో బయటికొచ్చింది అతనొక్కడే."