దేవుని బోరింగు

క్రిస్మస్ ఇంక వారం ఉందనగా దేవదాసు వరలక్ష్మిని వీపున ఎక్కించుకుని పెనుకొండ ఆస్పత్రికి బయలుదేరాడు. వెనకాలే ఆ పిల్ల అవ్వ సోమక్క, చేతిలో నీళ్ల సీసాతో.

నిజానికి వరలక్ష్మి ఆయనకు ఏమీ కాదు. కులం వేరు, దేవుడు వేరు, వీధి వేరు. తల్లిదండ్రులు బెంగుళూరులో కూలికి పోతే అవ్వ దగ్గర పెరుగుతున్న పిల్ల. నిరుటి దాకా మేకపిల్లలా గెంతేది. ఈ ఏడు మోకాళ్లు రెండూ లోపలికి వంగిపోయాయి. నాలుగడుగులు వేస్తే కూలబడిపోతోంది. బడి మానిపిద్దామని సోమక్క అనుకుంటుంటే దేవదాసే అడ్డుపడ్డాడు. అప్పట్నుంచి పొద్దున ఎత్తుకుపోయేదీ ఆయనే, సాయంత్రం ఎత్తుకొచ్చేదీ ఆయనే. సొంత మనవరాలికైనా ఇంత చేసేవాళ్లు లేరని ఊరు కోడై కూసింది.

సోమందేపల్లి పక్కనున్న ఆ ఊళ్లో దేవదాసు చేయి పడని పని లేదు. ఎవరికి జ్వరమొచ్చినా మాత్ర తెచ్చిస్తాడు. ఎవరు పోయినా గుంత తవ్వుతాడు. పండగ ముందు చర్చికి సున్నం కొట్టడం, గేటుకూ బోరింగుకూ రంగు వేయడం కూడా ఆయన వంతే. ఈమధ్య ఆయనకూ నడుము పట్టేసి వంగడం కష్టమైంది. మోకాళ్ల ప్రార్థన ఎక్కువైందని ఆడవాళ్లు నవ్వుకునేవారు.

అన్నిటికన్నా ఆయనకు ప్రాణం ఆ బోరింగు. గవర్నమెంటు బోరు బండి ఊరంతా తిరిగినా పడని నీళ్లు, చర్చి ముందర దేవదాసు ఉపవాసముండి చూపించిన చోట పడ్డాయి. వరస కరువులకు ఊరి బావి ఎండిపోయింది. బోరింగు ఎండలేదు.

ఆ ఊరి బావి గట్టు ఒకప్పుడు దేవదాసు తల్లిని ఎక్కనిచ్చేవాళ్లు కారు. కింద కడవ పెట్టుకుని ఎండలో నిలబడితే, ఎవరికో జాలి పుట్టినప్పుడు పైనుంచి పోసేవాళ్లు. అలా పోసినవాళ్లలో సోమక్క తల్లి కూడా ఉంది. ఇప్పుడు ఆ వీధి మొత్తం బిందెలు పట్టుకుని చర్చి ముందు వరసలో నిలబడుతోంది. దేవదాసు ఎవరినీ పొమ్మనడు. ముసలివాళ్లకు తనే కొట్టి నింపుతాడు. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం ఈ మాట విడవకుండా అంటాడు.

"మా యమ్మను ఎండలో నిలబెట్టినోళ్లకే నా చేత్తో నీళ్లు పోపిస్తాండాడు నా దేవుడు."

ఆస్పత్రిలో డాక్టరు పిల్ల కాళ్లు తడిమాడు. నోరు తెరవమని పళ్లు చూశాడు.

"ఏం నీళ్లు తాగుతారు?"

"బోరింగు నీళ్లు సార్. తియ్యగుంటాయి," అంది సోమక్క.

"ఈ పక్క కొన్ని ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. తాగితే ఎముకలు వంగిపోతాయి. అట్లాంటి బోరింగులకు ఆఫీసర్లు ఎర్ర రంగు పూసి, తాగొద్దని చెప్పి పోతున్నారు. మీదానికేమైనా పూశారా?"

"ఎర్ర రంగు యాడిది సార్? అది దేవుని బోరింగు."

డాక్టరు దేవదాసు మెడలో సిలువ చూసి మర్యాదగా అడిగాడు. "మీరు చెప్పండి పెద్దాయనా."

"బిడ్డకు బలం లేదు సార్," అన్నాడు దేవదాసు పిల్ల తల నిమురుతూ. "పాలు లేవు, గుడ్డు లేదు. కరువు."

డాక్టరు నిట్టూర్చి మాత్రలు రాశాడు. "నీళ్లు మంచివైతే ఇది తిండి లోపమే. ఒకవేళ నీళ్లే కారణమైతే, ఇప్పుడు మానేస్తే కాళ్లు దారికొస్తాయి, చిన్న వయసు. ఇట్లాగే తాగితే ఏడాదికల్లా మంచం దిగదు."

బస్సులో వరలక్ష్మి దేవదాసు ఒళ్లో కూర్చుంది.

"తాతా, క్రిస్మస్ నాటకంలో నాకు దూత వేషం కడతామన్నారు గదా. అప్పటికి నేను నడుస్తానా?"

"దూతలు నడవరు పాపా, ఎగురుతారు. నేను ఎత్తుకుంటాలే."

పిల్ల నవ్వింది. సోమక్కకు మాత్రం డాక్టరు మాట మనసులో ముల్లులా దిగింది.

"ఏమప్పా, కొన్నాళ్లు ఈశ్వరప్ప తోట బావి నీళ్లు తాపిద్దునా? ఏమో, గుబులుగా ఉండాది."

దేవదాసు ఒళ్లోని పిల్లను సర్దుకున్నాడు.

"నీ ఇష్టం అక్కా. ఆ బావి కాడికి మమ్మల్ని ఇప్పటికీ రానియ్యరు. నేనైతే తెచ్చియ్యలేను."

సోమక్కకు తల కొట్టేసినట్టయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"వద్దులేప్పా. బిడ్డను ఇన్నాళ్లు వీపున మోసినోనివి. నీ నీళ్లను అనుమానిస్తే నాకు పుట్టగతులుండవు."

ఊరు చేరగానే దేవదాసు పిల్లను బోరింగు అరుగు మీద దించాడు. నడుము నొప్పితో మూలుగుతూనే తనే కొట్టి గ్లాసు నింపాడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. మాత్ర మింగించి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా దగ్గరుండి తాపించాడు. తనూ ఒక గ్లాసు తాగాడు. చూస్తున్న సోమక్క చేతులెత్తి మొక్కింది.

మర్నాడు ఊరంతా కూలికి పోయాక ఆయన రంగు డబ్బా తెరిచాడు. బడికి సెలవు కావడంతో వరలక్ష్మి అరుగు మీద వంకర కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏటా ముందు బోరింగుకే ఎందుకేస్తావు తాతా? గేటుకు గదా తుప్పు పట్టింది."

"ఇది దేవునిది పాపా," అన్నాడు దేవదాసు.

నిరుడు వేసిన తెలుపు ఎండకు పెచ్చులు లేస్తోంది. ఆయన ఒకసారి వీధి అటు చివరా ఇటు చివరా చూసుకుని, నాలుగేళ్ల కిందట ఊళ్లో ఎవరూ లేని పూట ఆఫీసర్లు వచ్చి, అందరికీ చెప్పమని తనొక్కడికే చెప్పి పూసిపోయిన ఎర్ర రంగు మీద, ఈసారి తెలుపు రెండు పూతలు వేశాడు.